తాళంచెవి ఎవరి చేతికి?

పొద్దుగూకే వేళ. అమరచింత నుంచి జూరాల డ్యాం మీదుగా గద్వాలకు పోయే రోడ్డు. ఆయన బండి నడుపుతున్నాడు. వెనక సీట్లో ఆమె. ఇద్దరి మధ్యా తెల్లగుడ్డలో మూటగట్టిన నాలుగు చీరలు. నూలు ఒళ్లు, పట్టు అంచు, జరీ కొంగు. రోజుల తరబడి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటేగాని ఒకటి దిగని చీరలు.

మలుపు తిరగ్గానే టార్చిలైటు వెలుగు కళ్లల్లో పడింది.

"ఆపు, ఆపు. యాడికమ్మా ఇంత పొద్దుపోయి?"

"గద్వాలకు సార్. సేటుకు చీరలు ఇయ్యాలె."

"మూటల ఏముందో విప్పు. నువ్వు ఇట్ల రావయ్యా, గొట్టంల ఊదు."

ఆయన ఊదాడు. మధ్యాహ్నం చుట్టాలింట్లో పుచ్చుకున్నది మీటరు మీద అంకెగా కనిపించింది. "బండి స్టేషన్‌కు పోతది. రేపు వచ్చి మాట్లాడుకోండి" అన్నారు. చీకట్లో, రోడ్డు పక్కన, చీరల మూటతో ఆమె. ఇంటికి పోయే దారి లేదు, సేటు దగ్గరికి పోయే దారీ లేదు. తాగింది ఆయన. నిలబడిపోయింది ఆమె.

ఇది ఊహించి రాసిన దృశ్యమే. కానీ చదువుతుంటే "మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే అయింది" అనుకునేవారు మనలో ఎంతమంది ఉంటారో! ఊరు అమరచింత కావచ్చు, ఆత్మకూరు కావచ్చు, హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ కావచ్చు. బండి ఆగినప్పుడు ఇంటి మనుగడే కాసేపు ఆగుతుంది. అలాంటి వేళ చట్టం ఏమంటుందో, మన హైకోర్టు ఏమందో తెలిసి ఉంటే ఆ రాత్రి వేరుగా గడిచేది.

మూడు పనులు, మూడు హద్దులు

"చెకింగ్" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. నిజానికి అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. బండిని ఆపడం ఒకటి. బండిలోనో, సంచిలోనో వెతకడం రెండోది. బండిని పట్టుకుని తమ దగ్గర పెట్టుకోవడం మూడోది. ఒకదానికి అధికారం ఉంది కదా అని మిగతా రెండింటికీ దానంతటదే ఉన్నట్టు కాదు. ఈ తేడా తెలియకే మనం భయపడిపోతాం. ఒక్కోసారి అనవసరంగా పోట్లాడతాం కూడా.

ఆపే అధికారం విషయంలో అనుమానమే లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. తాగి నడుపుతున్నారని అనుమానం వస్తే శ్వాస పరీక్ష చేసే అధికారం 203వ సెక్షన్ ఇచ్చింది. కాబట్టి చెయ్యెత్తితే ఆగాల్సిందే. బండి తిప్పుకుని పారిపోవడం, చీకట్లో సందుల్లోకి దూరడం లాంటివి చేస్తే ప్రాణాలకే ముప్పు.

అసలు చిక్కంతా మూడో పని దగ్గర వస్తుంది. ముందుగా దాని సంగతే చూద్దాం. హైకోర్టు తీర్పు దాని మీదే.

హైకోర్టు ఏం చెప్పింది?

తాగి నడిపారంటూ పోలీసులు తమ బండ్లు పట్టుకుపోయి ఇవ్వడం లేదని పదుల సంఖ్యలో జనం తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2021లో జస్టిస్ కె. లక్ష్మణ్ ఆ పిటిషన్లన్నిటినీ కలిపి తీర్పు చెప్పారు. డ్రైవరు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని జప్తు చేసే అధికారం పోలీసులకు లేదన్నది ఆ తీర్పు సారాంశం. మరి అక్కడికక్కడ ఏం చేయాలి? దానికీ మెట్లు మెట్లుగా దారి చూపించారు.

మొదటిది, తాగిన మనిషిని బండి నడపనివ్వకూడదు. అందులో రాజీ లేదు.

రెండోది, ఆ బండి మీద తాగని మనిషి ఇంకొకరు ఉండి, వారి దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే, బండిని వారి చేతికి ఇచ్చి పంపేయాలి. ఆపి ఉంచకూడదు.

మూడోది, అలాంటి మనిషి ఎవరూ లేకపోతే దగ్గరి బంధువుకో, స్నేహితుడికో కబురు చేయాలి. వారు వస్తే బండి వారికి అప్పగించాలి.

నాలుగోది, ఎవరూ రాకపోతే అప్పుడు మాత్రమే పోలీసులు బండిని తాత్కాలికంగా దగ్గరి స్టేషన్‌లోనో, భద్రమైన మరో చోటో ఉంచాలి. తర్వాత యజమానిగాని, యజమాని పంపిన మనిషిగాని రిజిస్ట్రేషన్ కాగితం, గుర్తింపు కాగితం చూపిస్తే తిరిగి ఇచ్చేయాలి.

ఇక కేసు పెట్టి తీరాలనుకుంటే, బండి పట్టుకున్న మూడు రోజుల్లో మేజిస్ట్రేటు ముందు చార్జిషీటు వేయాలి. మేజిస్ట్రేటు కోర్టులు కూడా ఆ గడువులోనే దాన్ని తీసుకోవాలి. ఈ ఆదేశాలు పాటించకపోతే కోర్టు ధిక్కారం అవుతుందని కూడా హెచ్చరించారు.

తాగినవాణ్ణి వదిలేయమన్నారా?

తీర్పు వచ్చినప్పుడు చాలామంది "బాగుంది, తాగుబోతులకు ఇంక పండగే" అన్నారు. అలా అనుకోవడం పొరపాటు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి మద్యం ఉంటే 185వ సెక్షన్ కింద నేరమే. 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ. హైకోర్టు వీటిలో ఒక్క అక్షరం కూడా తీసేయలేదు.

తాగుడు మీద మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవకపోయినా ఆ పోరాటం చేసింది ఆడవాళ్లే. తాగి బండి నడిపేవాడు ఎదురుగా వచ్చే ఎవరి బిడ్డనో బలి తీసుకుంటాడు, లేదా తన బిడ్డల్నే అనాథల్ని చేస్తాడు. అతనికి శిక్ష పడాల్సిందే. అందులో మనం పోలీసుల పక్షమే.

అయితే శిక్ష మనిషికి పడాలి. ఇల్లంతటికీ పడకూడదు. ఆ బండి మీదే కదా నూలు, జరీ తెచ్చుకునేది! ఆ బండి మీదే పిల్ల జ్వరమొస్తే ఆస్పత్రికి పోయేది. ఆటో అయితే దాని మీదే నెలవారీ కిస్తీ కట్టేది. అది నెల రోజులు స్టేషన్ ఆవరణలో పడి ఉంటే పస్తు ఉండేది తాగినవాడొక్కడే కాదు గదా.

పెద్ద కోర్టుకు కూడా ఈ బాధ ఎప్పుడో తెలుసు. కేసుల్లో పట్టుకున్న వాహనాలు ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్లలో పడి ఉండటం వల్ల ఎవరికీ ఉపయోగం లేదని, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని త్వరగా ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా ఏ స్టేషన్ ముందు చూసినా తుప్పుపట్టిన బండ్లు, గాలి పోయిన టైర్లు, సీటు చిరిగి గడ్డి మొలిచిన స్కూటర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

వెనక సీటు మనిషి

ఇప్పుడు మళ్లీ ఆ జూరాల రోడ్డు మీదికి వెళ్దాం. హైకోర్టు చెప్పిన రెండో మాట గుర్తు చేసుకోండి. "తాగని మనిషి ఇంకొకరు ఉండి, వారి దగ్గర లైసెన్సు ఉంటే..." ఎవరా ఇంకొకరు? మన ఇళ్లల్లో చాలాసార్లు వెనక సీట్లో కూర్చున్న ఆమే! పెళ్లి నుంచి వస్తున్నా, జాతర నుంచి వస్తున్నా, పుట్టింటి నుంచి వస్తున్నా తాగని మనిషి ఆమే. చట్టం తాళంచెవిని తీసి ఆమె చేతికే ఇస్తోంది. కానీ అందుకోవడానికి ఆమె దగ్గర లైసెన్సు లేదు.

"మాకెందుకమ్మా లైసెన్సు, ఆయన తిప్పుతాడుగా" అంటాం. పిల్లల్ని బడి దగ్గర దింపేటప్పుడు ఆ సందు చివరిదాకా స్కూటీ నడుపుతాం. కాగితం మాత్రం ఉండదు. అలా లైసెన్సు లేకుండా నడిపితే బండిని ఆపి ఉంచే అధికారం 207వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది. రిజిస్ట్రేషన్ లేని బండికీ, పర్మిట్ లేని వాహనానికీ అదే సెక్షన్ వర్తిస్తుంది. తాగుడు కేసు తీర్పు ఇక్కడ మనల్ని కాపాడదు. ఆయన తాగాడు, ఆమెకు లైసెన్సు లేదు అంటే ఇక బండికి దిక్కెవరు?

లైసెన్సు పెద్ద పనేం కాదు. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. ముందు లెర్నర్ లైసెన్సు. దానికి ఆరు నెలల గడువు. తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు పరీక్షకు వెళ్లవచ్చు. మగ్గం పని, ఇంటి పని నడుమ రెండు పూటలు దానికోసం కేటాయించుకుంటే చాలు. బంగారం గొలుసు కన్నా ఆ చిన్న కార్డు ఆపదలో ఎక్కువ ఆదుకోవచ్చు.

మూట విప్పమంటే?

ఇక రెండో పని సంగతి, వెతకడం. "మూటల ఏముంది?" అని అడగడం వేరు. ఒంటి మీద చెయ్యి వేసి వెతకడం వేరు.

మహిళను సోదా చేయాల్సి వస్తే మరో మహిళే చేయాలి, అదీ పూర్తి మర్యాదతో చేయాలి. ఇది బ్రిటిషు కాలం నుంచి వస్తున్న నియమం. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. ఈ కొత్త చట్టంలోనూ 49, 103 సెక్షన్లలో ఆ నియమం అలాగే ఉంది. మహిళా కానిస్టేబుల్ లేకపోతే వచ్చేదాకా ఆగమని అడిగే హక్కు మనది. గొంతు పెంచక్కర్లేదు. "లేడీ కానిస్టేబుల్‌ను పిలిపించండి సార్, నేను ఇక్కడే ఉంటాను" అంటే చాలు.

గంజాయి లాంటి మత్తుపదార్థాల కోసం చేసే తనిఖీలకు 1985 నాటి చట్టం వేరే ఉంది. దాని 50వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందుగాని, మేజిస్ట్రేటు ముందుగాని సోదా చేయించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలి. మహిళను మహిళే వెతకాలన్న మాట అందులోనూ ఉంది. చేతిలోని సంచి మాత్రం 'ఒంటి' కిందికి రాదని సుప్రీంకోర్టు 2005లో పవన్‌కుమార్ కేసులో చెప్పింది. అంటే సంచి వెతకడానికి ఆ 50వ సెక్షన్ అడ్డం రాదు.

అలాగని రోడ్డు మీద పోయే ప్రతి బండీ అందరి సొత్తూ కాదు. 2021 ఏప్రిల్‌లో బూటాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. రోడ్డు పబ్లిక్ స్థలమే అయినా, దాని మీద ఆగి ఉన్న ప్రైవేటు వాహనం పబ్లిక్ స్థలం కాదంది. అలాంటి వాహనాన్ని వెతికేటప్పుడు అందిన సమాచారాన్ని ముందుగా కాగితం మీద పెట్టడంలాంటి 42వ సెక్షన్ నియమాలు పాటించి తీరాలంది. పాటించనందుకు నిందితులకు పడిన శిక్షనే కొట్టేసింది. నియమం పాటించకపోతే నిజమైన నేరస్తుడు కూడా తప్పించుకుపోతాడు. కాబట్టి పద్ధతి ప్రకారం సోదా చేయడం పోలీసులకూ మేలే.

కొత్త చట్టంలో మనకు పనికొచ్చే మార్పు ఇంకొకటి ఉంది. సోదా చేసి ఏదైనా స్వాధీనం చేసుకుంటే, ఆ పని మొత్తాన్ని ఆడియో, వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ చెబుతోంది. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయడం కూడా ఆ రికార్డులో ఉండాలి. సెల్‌ఫోనుతో తీసినా సరే. ఆ రికార్డు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. కాబట్టి "వీడియో తీస్తున్నారా సార్?" అని అడగడం ఎదురు తిరగడం కాదు.

సెల్‌ఫోను మాటెత్తాం కాబట్టి ఒక సంగతి. 2021 అక్టోబరులో హైదరాబాదులో బండ్లు ఆపి, నడిపేవాళ్ల ఫోన్లలో గంజాయి మాటల కోసం పోలీసులు వెతికారని పెద్ద దుమారం లేచింది. ఫోనంటే మన ఇంటి అల్మారా లాంటిది. అందులో పిల్లల ఫొటోలుంటాయి, అక్కతో చెప్పుకున్న కష్టాలుంటాయి, బ్యాంకు లెక్కలుంటాయి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కటై చెప్పారు. లైసెన్సు చూపించినట్టు ఫోను తెరిచి చూపించాలని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు.

ఓట్ల పండుగలో చీరల మూట

అమరచింత వైపు వాళ్లకు ఇంకో బాధ ఉంది. ఒకపక్క మక్తల్ దాటి కృష్ణ మీదుగా పోతే కర్ణాటక. ఇంకోపక్క గద్వాల, అలంపూర్ దాటితే కర్నూలు. ఎన్నికలొస్తే సరిహద్దు దారులన్నిటి మీదా తనిఖీలే. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలప్పుడు పోలింగుకు పది రోజుల ముందే తెలంగాణలో పట్టుకున్న డబ్బు, మద్యం, బంగారం, కానుకలు అన్నీ కలిపి రూ.659 కోట్ల దాకా ఉన్నాయని ఎన్నికల సంఘం ప్రకటించింది. అంత ముమ్మరంగా సాగే తనిఖీలో చీరల మూట కంటపడితే "పంచడానికేనా?" అని అడగకుండా ఎలా ఉంటారు!

ఎన్నికల సంఘం నిబంధనల్లో అభ్యర్థి, ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త వెళ్లే వాహనంలో రూ.50,000కు మించిన నగదు ఉన్నా, రూ.10,000కు మించిన కానుక వస్తువులు ఉన్నా పట్టుకోవచ్చని ఉంది. మంచి గద్వాల పట్టుచీర ఒక్కటే పదివేలు దాటుతుంది! నేసినామెకు అది కూలి, బేరం చేసేవాళ్లకు సరుకు. తనిఖీ చేసేవాళ్ల కంటికి మాత్రం కానుకలా కనబడవచ్చు. ఆ అనుమానం తీర్చే కాగితం మన దగ్గరే ఉండాలి. సేటు రాసిచ్చిన చీటీ, సొసైటీ పుస్తకం, బిల్లు, నేతకార్మికుల గుర్తింపు కార్డు, ఏదో ఒకటి మూటలోనే పెట్టుకోండి. చీరలు అమ్మిన డబ్బు తెస్తుంటే ఆ అమ్మకం చీటీ ఉంచుకోండి.

ఆ నిబంధనల్లోనే మనకు ఊరటనిచ్చే మాటలూ ఉన్నాయి. తనిఖీ బృందాలు మర్యాదగా ఉండాలి. మహిళా అధికారి లేకుండా ఆడవాళ్ల పర్సు వెతకకూడదు. పట్టుకున్నదానికి రాజకీయ పార్టీతోగాని, అభ్యర్థితోగాని సంబంధం లేదని తేలితే తిరిగి ఇప్పించడానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. రసీదు అడిగి తీసుకుని, కాగితాలతో ఆ కమిటీని కలిస్తే మన కష్టం మన చేతికి వస్తుంది.

అడగాలంటే జంకు ఎందుకు?

ఇవన్నీ చదివాక "రోడ్డు మీద చీకట్లో ఇన్ని సెక్షన్లు ఎవరికి గుర్తుంటాయి?" అంటారు. నిజమే. సెక్షన్ల నంబర్లు గుర్తుండక్కర్లేదు. హద్దు ఉందని గుర్తుంటే చాలు. హద్దు ఉందని తెలిసిన మనిషి గొంతు వేరుగా పలుకుతుంది. బతిమాలదు, తిట్టదు, అడుగుతుంది.

అడిగినా వినకపోతే? తీర్పు కాగితం మీద ఉన్నంత మాత్రాన రోడ్డు మీద ఉన్నట్టు కాదు కదా. దానికీ దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం అందుతుంది. ప్రతి జిల్లాలో న్యాయసేవాధికార సంస్థ ఉంది. వనపర్తి వాళ్లకు వనపర్తిలోనే. 15100కు ఫోను చేసినా సరే. స్టేషన్‌లో ఉండిపోయిన బండిని కోర్టు ద్వారా విడిపించుకునే దరఖాస్తు కూడా వారే రాసిపెడతారు.

చెకింగ్‌లో బండి ఆగితే...

* చెయ్యెత్తగానే ఆపండి. బండి దిగి వెలుగులో నిలబడండి.
* లైసెన్సు, రిజిస్ట్రేషన్ కాగితాలు డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. ఫోనులో ముందే పెట్టుకోండి.
* నడిపే మనిషి తాగి ఉంటే, మీకు లైసెన్సు ఉంటే, "నేను నడుపుతాను సార్, బండి నాకివ్వండి" అని అడగండి.
* మీకు లైసెన్సు లేకపోతే తమ్ముడికో, పక్కింటివాళ్లకో అక్కడినుంచే ఫోను చేసి పిలవండి.
* బండి స్టేషన్‌కు తీసుకెళ్తే ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో తీసుకెళ్లారో రాసిన కాగితం అడగండి. మూడు రోజుల లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.
* ఒంటి సోదా మహిళే చేయాలి. సంచిలోంచి ఏదైనా తీసుకుంటే జాబితా, రసీదు అడగండి.
* ఇబ్బంది అనిపిస్తే 112కు గాని, 181కి గాని ఫోను చేయండి.

మళ్లీ అదే రోడ్డు

ఈసారి కూడా అదే పొద్దుగూకే వేళ, అదే టార్చిలైటు అనుకోండి. ఆయన ఊదాడు. మీటరు మీద అంకె పడింది. కేసు రాసుకున్నారు. రాసుకోవాల్సిందే.

"బండి స్టేషన్‌కు పోతది."

ఆమె మూట సర్దుకుని ముందుకొచ్చింది. సంచిలోంచి చిన్న కార్డు తీసింది.

"నాకు లైసెన్సు ఉంది సార్. నేను తాగలే. హైకోర్టు చెప్పింది గద సార్, బండి నాకియ్యండి."

ఎస్సై కార్డు తిప్పి చూశాడు. ఆమె వైపు చూశాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆయన తలొంచుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు, చీరల మూట ఒళ్లో పెట్టుకుని.

"జర గట్టిగ పట్టుకో. చీరలు పైలం" అంది ఆమె.